వారం మధ్యలో మోగిన మైకు

ఆ బుధవారం మేము చేయాల్సిన పనులు ఇవి. తెల్లవారగానే గుంట తూము పలకలు తీసి నీళ్ళు వదలాలి. చార్జింగుకు ఇచ్చిన జనరేటర్ బ్యాటరీని విడవలూరు పోయి తెచ్చుకోవాలి. ఐసు లారీ సాయంత్రానికి వచ్చేలా మాట ఖాయం చేసుకోవాలి. రొయ్యలు కొనే ఏజెంటుకు రెండుసార్లు ఫోన్ చేయాలి, ఒకసారి చేస్తే ఆయన మరిచిపోతాడు. వల లాగేవాళ్ళకు అన్నం, పప్పుచారు వండాలి. టైటస్ అన్నను, అతని మనుషులను మధ్యాహ్నం దాటేసరికి గుంట మీదికి రప్పించాలి. మా అత్తను మధ్యమధ్య కూర్చోబెట్టి మంచినీళ్ళు తాగించాలి.

మా అత్త పేరు ఏసుమణి, మా నాన్నకు అక్క. మామయ్య పోయినప్పటి నుంచి కౌలుకు తీసుకున్న రొయ్యల గుంటను ఆమె ఒక్కతే చూసుకుంటోంది. మా గుంటను ఆనుకుని ఉన్న గుంట నెల్లూరులో ఉండే కిషోర్ బాబుది. సోమవారం ఆ గుంటలో రొయ్యలు తెల్లమచ్చలతో గట్టు వెంట తేలాయి. ఆ రోగం ఒక గుంటలో పడితే చాలు, చచ్చిన రొయ్యను కాకి ముక్కున పట్టుకుని పక్క గుంటలో పడేస్తుంది. మా అత్తకు అంతకు ముందు రెండు పంటలు అలాగే పోయాయి. ఇదీ పోతే గుంట వేరేవాళ్ళకు ఇచ్చేస్తానని ఆసామి ముందే చెప్పేశాడు. కాబట్టి రోగం గట్టు దాటకముందే, బుధవారం పొద్దుగూకేలోపు, రొయ్యలన్నీ వలలోకి రావాలి. లేదంటే మా అత్తకు గుంట లేదు.

అదే బుధవారం సాయంత్రం ఒక గ్రహశకలం భూమి పక్కగా పోతుందని వార్త. రెండంతస్తుల మేడంత రాయి. చందమామ కంటే దూరం నుంచి దాటిపోతుంది. ఇలాంటివి తరచూ వచ్చి పోతూనే ఉంటాయి. టీవీవాళ్ళు కూడా ఒక్క ముక్క చెప్పి వదిలేశారు. కాని ఆదివారం నుంచి మా పాలెం ఫోన్లలో ఒక వీడియో తిరుగుతోంది. అందులో మండుతున్న కొండ ఒకటి సముద్రంలో పడుతుంది, తాటిచెట్ల ఎత్తున అల లేస్తుంది. కింద ‘నెల్లూరు తీరం’ అని పసుపు అక్షరాలు. వెనక ఎవరో ఏడుస్తూ ప్రార్థన చేస్తుంటారు. సునామీని చూసిన ఊరు మాది. నవ్వి పారేయడం మావాళ్ళకు కుదరలేదు.

నేను మా ఇంట్లో మొదట డిగ్రీ పూర్తి చేసినదాన్ని. విడవలూరులో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్తాను. అందుచేత ఆ నాలుగు రోజులూ పాలెంలో నేను ఎక్కడ నిలబడితే అక్కడ ఇదే ప్రశ్న. బుధవారం పొద్దున కుళాయి దగ్గర పిచ్చమ్మవ్వ పట్టుకుంది.

“ఏం మే కరుణా, రాయి పడుద్దంట గదా. నీ డిగ్రీ ఏమంటుండాది?”

“పడదవ్వా. చందమామ కంటే అవతలగా పోతుంది.”

“చందమామ దూరం నువ్వు కొలిసినావా?”

“కొలిసినవాళ్ళు చెప్పినారు.”

“వాళ్ళు యాడుండారు, మన పాలెంలో ఉండారా? ల్యా గదా. యాడో కొండ మీద కూచోని కొలుస్తారు. అల వచ్చేది నా గుమ్మంలోకి.”

కుళాయి దగ్గర ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నవ్వుతూనే బిందెలు సగం నింపుకుని వెళ్ళిపోయారు. నిండేదాకా నిలబడే ఓపిక ఎవరికీ లేదు.

విడవలూరులో బ్యాటరీ షాపుకు తాళం వేసి ఉంది. పక్కన టీ కొట్టు మనిషిని అడిగితే, షాపాయన పిల్లలను తీసుకుని ఆత్మకూరు అత్తగారింటికి పోయాడన్నాడు. “అది దూరం గదా, అలకు అందదు. రేపు రామ్మా, అందరం ఉంటే ఇస్తాడు” అన్నాడు, గ్లాసులు కడుగుతూ. బ్యాటరీ అద్దాల తలుపు వెనక నేల మీద కనబడుతూనే ఉంది. తలుపు రెండుసార్లు ఊపి చూసి వచ్చేశాను.

నేను తిరిగి వచ్చేసరికి గుంటలో నీళ్ళు సగానికి దిగాయి. సగం నీళ్ళలో మొత్తం రొయ్యలు. నాలుగు ఏరేటర్లు తెడ్లు తిప్పుతూ నీళ్ళలోకి గాలి కొడుతున్నాయి. నీళ్ళు తగ్గేకొద్దీ ఆ గాలే వాటి ప్రాణం. పైన మబ్బు, కింద ఉక్క, ఆకు కదలడం లేదు. అత్త గట్టు మీద నిలబడి దూరంగా పాలెం దారి వైపు చూస్తోంది.

“టైటస్ రాలా?” అన్నాను.

“వస్తానన్నాడు. నిన్న అన్నాడు. ఈ పొద్దు ఫోన్ ఎత్తడంలా.” ఆమె చెంగుతో మొహం తుడుచుకుంది. “బ్యాటరీ?”

“షాపు మూసినారు.”

ఆమె కరెంటు స్తంభం వైపు ఒకసారి చూసి, మళ్ళీ దారి వైపు చూసింది.

టైటస్ అన్న పాలెంలో వలల మేస్త్రీ. అతను పిలిస్తే పదిహేను మంది వస్తారు. నేను వెళ్ళేసరికి గుమ్మంలో కూర్చుని వల చిరుగు కుడుతున్నాడు. కుట్టిన చోటే మళ్ళీ కుడుతున్నాడు.

“నేను రాననడంలా పాపా. మనుషులు రామంటుండారు. వాళ్ళ ఆడోళ్ళు పంపేది ల్యా అంటుండారు.”

లోపలి నుంచి అబిగయీలు వదిన అందుకుంది. “వాళ్ళ ఆడోళ్ళంట! నీ ఆడది ఏమంటుండాదో అది చెప్పు ముందు.”

“చెప్పేదేముంది, పొద్దున్నించీ పాలెమంతా వింటానే ఉండాది గదా.”

వదిన తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. పిల్లల బట్టలు మూటగట్టి చేతిలో పట్టుకునే ఉంది. “కరుణా, మీ అత్త మీద నాకేమన్నా కోపమా? ఆ రాయి పొయ్యిందాకా ఈ మనిషి ఇల్లు కదలడు. పొయ్యినాక తెల్లార్లూ లాగమను, నేనే వచ్చి లైటు పట్టుకుంటా.”

“తెల్లారేదాకా నీళ్ళుండవు వదినా. తూము తీసేసినాం.”

“మళ్ళా మూసుకోండి.”

“రోగం పక్కనే ఉంది గదా.”

ఆమె మూటను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.  టైటస్ అన్న నా మొహం చూడకుండా, “మన పెద్దాయన ఒక్కమాట చెప్తే వీళ్ళు వింటారు పాపా. నీ మాట కాదు, నా మాట అసలు కాదు” అన్నాడు.

పెద్దాయన అంటే అబ్రహాము గారు. మా సంఘపెద్ద, పాలెంలో టైలరు. కాళ్ళ నొప్పులతో మిషను తొక్కడం తగ్గించాడు కాని ప్రార్థన మందిరం పనులు మాత్రం ఎవరికీ వదలలేదు. తుఫాను వస్తుందంటే మందిరం పైనున్న హారనులో హెచ్చరిక చదివేది ఆయనే. టీవీలో ఎంత మొత్తుకున్నా మావాళ్ళు కదలరు. ఆయన గొంతు వినబడితే పొయ్యి మీది అన్నం కూడా వదిలేసి తుఫాను షెల్టరుకు పోతారు. ఆయన మాట విని పోయినందుకు బతికిన ఇళ్ళు మా పాలెంలో చాలా ఉన్నాయి.

నేను చెప్పిందంతా ఆయన కత్తెర పక్కన పెట్టి విన్నాడు.

“చందమామ అవతలగా పోతుందంటావు.”

“అవును తాతా. పడదు. నూటికి నూరు పాళ్ళు.”

“గ్యాసు బండే మన వీధికి రాకుండా పోతుంది, రాయి ఏం వస్తుందిలే.” ఆయన లేచాడు. “ఏసుమణి పంట పోకూడదు. రాసియ్యి, నేను చదువుతా. నువ్వు చదివితే పాఠం చెప్తుండావనుకుంటారు.”

మందిరం మెట్ల మీద కూర్చుని రాసిచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి లోలోపల చదువుకున్నాడు. ‘గ్రహశకలం’ అనే మాట దగ్గర ఆగి, “ఇది తీసేసి రాయి అను, చాలు” అన్నాడు. తీసేశాను.

మా మందిరం హారను ఆదివారం పాటలకు, ఆరాధనకు మోగుతుంది. ఎవరైనా చనిపోతే గంట కొడతారు, హారను తెరవరు. వారం మధ్యలో హారను తెరిచేది ఒక్క తుఫానుకే. ఇది నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు, ఆయనకు నాకంటే బాగా తెలుసు. కాని ఆ మధ్యాహ్నం మా ఇద్దరి తలల్లోనూ గుంట, వల, పొద్దు తప్ప ఇంకేమీ లేవు.

ఆయన మైకు మీద వేలితో తట్టాడు. గొంతు సవరించుకున్నాడు. ఎప్పుడూ మొదలుపెట్టినట్టే మొదలుపెట్టాడు. “సంఘ ప్రజలకు, పాలెం ప్రజలకు ముఖ్య గమనిక.”

ఆ మాట పూర్తి కాకముందే ఎదురింటి తలుపు తెరుచుకుంది. ఆదిశేషమ్మ గారు మేకను విప్పి, బియ్యం సంచి చంకన పెట్టుకుని బయటికి వచ్చింది. పక్క సందులోంచి ఇద్దరు మంచం మీద ముసలాయనను మోసుకుంటూ వచ్చారు. ఎవరో పొయ్యి మీద నీళ్ళు కుమ్మరించినట్టున్నారు, పొగ లేచింది. ఆటోలు స్టార్ట్ అయిన చప్పుడు. నేను మెట్ల మీది నుంచి చేతులూపుతూ, “తుఫాను కాదు, తుఫాను కాదు” అని అరిచాను. ఎవరూ నా వైపు చూడలేదు. వాళ్ళకు చూడాల్సిన అవసరం లేదు. వినాల్సిన గొంతు వినేశారు.

లోపల అబ్రహాము గారు కాగితం మీది నుంచి కళ్ళెత్తకుండా నిదానంగా చదువుతున్నాడు. “కావున ఎవరూ భయపడవలసిన” అనేదాకా వచ్చాడు. అక్కడ హారను ఆగిపోయింది.

ఆగిపోయింది హారను కాదు, కరెంటు.

చాలా ఏళ్ళ కిందట ఒక తుఫానులో వైరు తెగిపడి మా పాలెంలో ఒక మనిషి, రెండు గేదెలు చనిపోయాయి. అప్పటి నుంచి ఒక కట్టుబాటు చేసుకున్నారు. హారను మోగగానే పాలెంలో కరెంటు పనులు చూసే గిద్యోను అన్న ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోయి హ్యాండిల్ కిందికి లాగి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని అందరికంటే చివర షెల్టరుకు పోతాడు. ఈ పని అతను ఎన్నడూ తప్పలేదు. ఆ రోజూ తప్పలేదు.

అబ్రహాము గారు ఆగిపోయిన మైకును చూశాడు, నన్ను చూశాడు. ఖాళీ అవుతున్న వీధిని చూశాడు. ఆయన మొహం తెల్లబోయింది. “గుంటలో మిషన్లు” అన్నాడు. అంతే అన్నాడు.

నేను పరిగెత్తాను. పరిగెడుతూనే గిద్యోను అన్నకు ఫోన్ చేశాను. పాలెమంతా ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటున్నారు, లైను కలవలేదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర హ్యాండిల్ కిందికి ఉంది, తాళం వేసి ఉంది. మా గుంటకూ కరెంటు అక్కడి నుంచే. గుంట దగ్గర ఏరేటర్లు నాలుగూ ఆగిపోయి ఉన్నాయి. బ్యాటరీ లేక జనరేటర్ ఉన్నా లేనట్టే. అంత నిశ్శబ్దం ఆ గట్టు మీద నేనెప్పుడూ వినలేదు. అత్త అప్పటికే తూము పలకలు వేసేసి నడుం లోతు నీళ్ళలో దిగింది. పచ్చి కొబ్బరిమట్టతో నీళ్ళను కొడుతోంది. కొట్టిన చోట నురగ లేస్తోంది, అంతలోనే చల్లారిపోతోంది.

“మైకు ఎందుకు మోగిందే?” అని అరిచింది.

“తర్వాత చెప్తానత్తా.”

షెడ్డులో ఆక్సిజన్ పౌడరు సగం సంచి ఉంది. ఉన్నదంతా చల్లేశాను. నేనూ ఒక మట్ట తీసుకుని దిగాను. కొంచెంసేపటికి నీళ్ళ మీద సన్నగా మీసాలు కనబడ్డాయి. గట్టు వారగా ఒక వరస. తర్వాత ఇంకో వరస. రొయ్య గాలి కోసం పైకి వచ్చిందంటే దానికి ఎక్కువ సమయం లేదని మా అత్తకు తెలుసు. ఆమె ఇంకా గట్టిగా కొట్టింది. చేతిలో మట్ట విరిగింది. ఇంకోటి అందుకుంది.

వెనక నుంచి అబ్రహాము గారి సైకిలు గంట వినబడింది. ఆయన గుంట గట్టు పక్కనే కాలవ కట్ట మీదికి సైకిలు ఎక్కిస్తున్నాడు.

“యాడికి తాతా, మీ కాళ్ళు...”

“షెల్టరుకు. తాళంచెవి గిద్యోను జేబులో ఉండాది. వాళ్ళను పొమ్మనింది నేను. రమ్మనేది కూడా నేనే.” ఆగకుండానే తొక్కుకుంటూ పోయాడు. సైకిలు అటూ ఇటూ ఊగుతూ కట్ట మలుపు దగ్గర కనబడకుండా పోయింది.

ఆ తర్వాత ఎంతసేపో చెప్పలేను. చేతులు మండాయి. ఉప్పునీళ్ళు కళ్ళలో పడ్డాయి. మధ్యలో తలెత్తి ఆకాశం వైపు చూశాను, మబ్బు తప్ప ఏమీ లేదు. రాయి ఎక్కడుందో, ఎంత దూరం వచ్చిందో లెక్కవేసే బుర్ర నాకు లేదు అప్పుడు. గట్టు మీద ఎవరో కదిలారు. చూస్తే పిచ్చమ్మవ్వ, చేతిలో బిందె.

“నువ్వు షెల్టరుకు పోలేదా అవ్వా?”

“నన్ను తీసకపోయేది మర్చిపోయినారు లంజాకొడుకులు. మేకను తీసకపోయినారు, నన్ను వదిలేసినారు.” అంటూ గట్టు వార కూర్చుని బిందె ముంచి, పైకెత్తి, నీళ్ళను ధారగా పోయడం మొదలుపెట్టింది. “రాయి పడితే ఆడా పడుద్ది, ఈడా పడుద్ది. ఏసుమణీ, నీకు మోకాలు నొప్పి గదా, ఇంతసేపు నీళ్ళలో ఉండొచ్చునా?”

“మాట్లాడబాక పిన్నీ, నీళ్ళు పొయ్యి” అంది అత్త. ఆ మాటకు నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి.

షెల్టరు దగ్గర ఏం జరిగిందో తర్వాత గిద్యోను అన్న చెప్పాడు. అబ్రహాము గారు సైకిలు తొక్కుకుంటూ రాలేదట. సైకిలును ఊతకర్రలాగా పట్టుకుని, ఒక కాలు ఈడ్చుకుంటూ వచ్చాడట. పంచె మోకాలి దగ్గర చిరిగి మట్టి. కాలవ కట్ట మీద పడ్డానని మాత్రం అన్నాడట. మందిరంలో జరిగింది, గుంటలో జరుగుతున్నది చెప్పి, వెనక్కి రమ్మన్నాడు. లోపల మూడు వందల మంది. ఆ గోలలో ముందు ఎవరికీ వినబడలేదు. వినబడ్డాక తిరగబడ్డారు.

“నువ్వే గదయ్యా పొమ్మనింది!”

“పోండి అని నేను చదవలా. భయపడవద్దు అని చదివినా. మీరు వినింది యాడ?”

“నువ్వు మైకు ఎత్తినాక వినేదేముంది పెద్దాయనా?” అని టైటస్ అన్న అడిగాడట. ఎవరూ నవ్వలేదు.

అబ్రహాము గారు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. “తప్పు నాదే. ఇన్నేళ్ళు నేను రమ్మంటే వచ్చినారు, ఎందుకని ఒక్కరూ అడగలా. ఈ పొద్దు కూడా అడగబాకండి. ఆ ఏసుమణి ఒక్కతే నీళ్ళలో ఉండాది” అన్నాడట. ఆ మాట మామూలు గొంతుతో అన్నాడు.  అబిగయీలు వదిన చేతిలో మూటను టైటస్ అన్న కాళ్ళ దగ్గర పడేసి, “ఏంది, చూస్తుండావు? వల ఇంట్లో ఉండాది, పో” అందట. అప్పుడు లేచారు.

అందరూ కాదు. సగం మంది రాయి పోయేదాకా కదలమని అక్కడే కూర్చున్నారు. వాళ్ళను నేను తప్పుపట్టను.

ముందు గిద్యోను అన్న బండి వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర హ్యాండిల్ పైకి కొట్టిన చప్పుడు గుంట దాకా వినబడింది. ఏరేటర్లు ఒకదాని వెనక ఒకటి కదిలాయి. తెడ్ల కింద నీళ్ళు తెల్లగా విరిగాయి. అత్త చేతిలో మట్ట అలాగే ఉంది, దించడం లేదు. నేను పోయి వేళ్ళు ఒక్కొక్కటిగా విడదీసి తీసుకున్నాను. గట్టు వారగా చచ్చిన రొయ్యలు ఎర్రబారి తేలుతున్నాయి. వాటి అవతల నీళ్ళు కదులుతున్నాయి. నీళ్ళు కదులుతుంటే రొయ్య ఉన్నట్టు.

తర్వాత ఆటోల్లో, బండ్ల మీద, నడుచుకుంటూ వచ్చారు. టైటస్ అన్న లుంగీ పైకి కట్టి, “నిలబడి చూడబాకండ్రా, పట్టండి” అని వల విసిరాడు. తూము పలకలు మళ్ళీ తీశారు. రాయి భయంతో అంతమంది ఊరు వదిలినా ఐసు లారీ డ్రైవరు మాత్రం నేరుగా గుంటకే వచ్చాడు. ఎందుకు భయపడలేదయ్యా అంటే, “నా వెనక ఐసు కరుగుతుండాది, నాకు రాయి సంగతి యాడ తెలుసు” అన్నాడు. ఆడవాళ్ళు బుట్టలు మోశారు. పప్పుచారు ఎవరు వేడిచేశారో నాకు తెలియదు.

పొద్దు కిందికి దిగుతున్నప్పుడు నా ఫోనులో పెట్టుకున్న అలారం మోగింది. రాయి భూమికి అన్నిటికంటే దగ్గరగా ఉండే సమయం అని రెండు రోజుల కిందట పెట్టుకున్నాను. అప్పుడు నా తల మీద రొయ్యల బుట్ట ఉంది. “ఏందది మోగుతుండాది?” అన్నాడు టైటస్ అన్న. “రాయి పోతోంది” అన్నాను. వల తాడు చేతికి చుట్టుకుని ఉన్నవాళ్ళు ఒక్క క్షణం ఆగారు. ఎవరో ఆకాశం చూశారు, ఎవరో సముద్రం వైపు చూశారు. అల మామూలుగా వచ్చి మామూలుగా పోయింది. “పోనీలే, లాగండి” అన్నాడు టైటస్ అన్న. మళ్ళీ లాగారు.

నాలుగు పాళ్ళలో మూడు పాళ్ళ రొయ్యలు ఐసులోకి ఎక్కాయి. రోగం మచ్చ ఒక్క దానికీ లేదు. గుంట మా అత్తకే ఉంటుంది, ఆసామి మర్నాడు వచ్చి చూసి మాట ఇచ్చాడు. ఇప్పుడు సున్నం చల్లి ఎండబెట్టాం.

లారీ కదిలాక అత్త అడిగింది, “పెద్దాయన యాడ?” అని. అప్పుడు గుర్తొచ్చింది, ఆయన గుంట దగ్గరికి రాలేదు. గిద్యోను అన్న, నేను బండి మీద పోయాం. షెల్టరు వరండాలో గోడకు ఆనుకుని అలాగే కూర్చుని ఉన్నాడు. కొంతమంది చుట్టూ చేరి విసురుతున్నారు. “అందినాయా?” అని అడిగాడు. అందాయి అన్నాను. లేవబోయాడు, లేవలేకపోయాడు. తుంటి ఎముక విరిగింది. అంత నొప్పితో అంత దూరం ఎలా వచ్చాడో నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరుకు కూడా అర్థం కాలేదు.

రేపు సోమవారం ఆయనకు ఆపరేషను. వయసు, చక్కెర జబ్బు కారణంగా మత్తు ఇవ్వడం కొంచెం కష్టమని చెప్పారు. మా అత్త ఆసుపత్రి వరండాలోనే ఉంటోంది, ఇంటికి రమ్మంటే రావడం లేదు. పాలెంవాళ్ళు వంతులవారీగా వచ్చిపోతున్నారు. ఆయన మాత్రం, తుఫాన్ల కాలం దగ్గర పడింది, ఈసారి మైకు ఎవరు పడతారో ఇప్పుడే చూసుకోండి అని మమ్మల్ని తొందరపెడుతున్నాడు. ఎవరమూ ఒప్పుకోవడం లేదు.

ఇది చదివినవాళ్ళకు ఒక మనవి. మీకు ప్రార్థన చేసే అలవాటు ఉంటే, మా అబ్రహాము గారిని జ్ఞాపకం చేసుకోండి. ఆ అలవాటు లేకపోతే, రేపు పొద్దున ఒక్కసారి ఆయన పేరు తలుచుకోండి, చాలు.